నింగిలో అంగడి

హడ్సన్ నదికి పడమటి గట్టున ఉన్న జెర్సీ సిటీ నేల విస్తీర్ణం సుమారు 15 చదరపు మైళ్లు. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ నివసించేవారు 2,92,449 మంది. జర్నల్ స్క్వేర్ పక్కన నెవార్క్ అవెన్యూలో పప్పులూ పచ్చళ్లూ కొనుక్కొని అపార్టుమెంటుకు చేరే తెలుగు కుటుంబానికి ఇంటర్నెట్ గోడలోనుంచే వస్తుంది. వీధి కింద ఫైబర్ తీగ, మేడ అడుగున ఒక పెట్టె, గదిలో ఒక ప్లగ్గు, అంతటితో సరి. ఆకాశం వైపు డిష్ తిప్పి ఇంటర్నెట్ తెప్పించుకోవలసిన అగత్యం ఈ ఊళ్లో సాధారణంగా ఎవరికీ కలగదు.

అయినప్పటికీ ఉపగ్రహ బ్రాడ్‌బ్యాండ్ వ్యాపారం కొద్ది సంవత్సరాలలో పెరిగిన తీరును ఈ ఊరి తెలుగువారు తెలుసుకోవడం అవసరం. ఆ విద్యకు పురుడు పోసిన చోట్లలో న్యూజెర్సీ ముఖ్యమైనది. దాని అక్కర నిజంగా ఉన్న చోట్లలో మన కన్నవారుండే నేల ఒకటి. పాడేరు కొండల్లోనో, నల్లమల అంచునో, తుపాను దారిలో ఉన్న తీరగ్రామంలోనో తల్లిదండ్రులను ఉంచి వచ్చిన వారికి ఈ వ్యాపారం ఎక్కడ వర్ధిల్లుతుంది, ఎక్కడ వర్ధిల్లదు అన్నది కేవలం వాటాల బజారు వార్త కాజాలదు.

ముందుగా ఎత్తుల లెక్క చూడాలి. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున నిలిపిన ఉపగ్రహం భూభ్రమణంతో సమానమైన వేగంతో తిరుగుతుంది. కింద నుంచి చూచేవారికి అది కదలదు. త్రిశంకుడి వలె ఉన్నచోటనే వ్రేలాడుతుంది. డిష్‌ను ఒకసారి దానివైపు బిగిస్తే చాలు. అటువంటివి మూడు ఉంటే ధ్రువప్రాంతాలు మినహా భూగోళమంతటికీ సరిపోతాయని ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే వ్రాశారు. టెలివిజన్ ప్రసారానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు లేదు. ఇంటర్నెట్‌కు మాత్రం చిక్కు వచ్చింది. మన కోరిక పైకి పోయి, కిందికి దిగి, దాని జవాబు మళ్లీ పైకి పోయి, మన ఇంటికి దిగాలి. ఈ నాలుగు మజిలీలూ కలిపితే 1,43,000 కిలోమీటర్ల పైచిలుకు. కాంతి వేగంతో పోయినా దాదాపు అర సెకను పడుతుంది. మధ్యనున్న యంత్రాల ఆలస్యం దానికి అదనం. "అమ్మా, బాగున్నావా" అని అడిగి జవాబు కోసం ఆగినప్పుడు, అవతలివారు వినలేదనుకొని మళ్లీ అడగడం, ఇద్దరి మాటలూ ఒకదానిమీద ఒకటి పడడం, వెనుకటి ట్రంక్ కాల్ రోజులు ఎరిగినవారికి గుర్తుండే ఉంటుంది.

ఉపగ్రహాన్ని 550 కిలోమీటర్ల ఎత్తుకు దించితే అదే నాలుగు మజిలీల ప్రయాణం సెకనులో వెయ్యింట ఏడెనిమిది వంతులకు తగ్గుతుంది. అయితే అంత దిగువన ఉన్న ఉపగ్రహం ఒకచోట నిలవదు. సుమారు గంటన్నరకొకసారి భూమిని చుట్టి వస్తుంది. ఒక ఇంటి ఆకాశంలో అది కనబడేది కొన్ని నిమిషాలే. ఒకటి అస్తమించే లోగా మరొకటి ఉదయించాలి. అందువల్ల ఒకటీ రెండూ సరిపోవు. వందలూ వేలూ కావాలి. వాటిని వెంటాడుతూ చూపు మార్చుకొనే యాంటెన్నా ప్రతి ఇంటికీ కావాలి. ఈ వ్యాపారపు ఖర్చులన్నీ ఈ కారణం నుంచే పుట్టుకొచ్చాయి.

విచిత్రమేమంటే, ఆరు దశాబ్దాల క్రితం న్యూజెర్సీలో ఆలోచన మొదలైనది ఈ రెండవ పద్ధతితోనే. జెర్సీ సిటీకి దక్షిణాన కారులో గంట దూరంలోని హోమ్‌డెల్‌లో క్రాఫర్డ్ హిల్ అనే గుట్ట ఉంది. బెల్ లేబొరేటరీస్‌వారు అక్కడ కొమ్ము ఆకారంలో ఒక పెద్ద యాంటెన్నా కట్టారు. 1960 ఆగస్టులో ఆకాశంలోకి పంపిన ఎకో అనే లోహపు పూత పూసిన బెలూను నుంచి ప్రతిఫలించే సంకేతాలను పట్టడం దాని పని. 1964లో అర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ విశ్వం పుట్టుక నాటి సూక్ష్మతరంగాల సవ్వడిని విన్నది ఆ కొమ్ములోనే. దానికి వారికి 1978లో నోబెల్ బహుమానం వచ్చింది. మన కథకు కావలసింది మాత్రం 1962 జూలై 10. ఆనాడు బెల్ లేబొరేటరీస్ నిర్మించిన 77 కిలోల టెల్‌స్టార్ కక్ష్యకు చేరి, అట్లాంటిక్ దాటించి టెలివిజన్ బొమ్మలను పంపింది. అది నిలిచి ఉండే ఉపగ్రహం కాదు. ఎ.టి. అండ్ టి. సంస్థ అటువంటి వాటిని పదుల సంఖ్యలో తిప్పాలని తలపోసింది. కాని అదే ఏడు అమెరికా ప్రభుత్వం చట్టం చేసి అంతర్జాతీయ ఉపగ్రహ వార్తా వ్యాపారాన్ని కామ్‌శాట్ అనే కొత్త సంస్థకు అప్పగించింది. మరుసటి సంవత్సరాలలో హ్యూస్ కంపెనీ సిన్‌కామ్ ఉపగ్రహాలు త్రిశంకు పద్ధతి సులువని నిరూపించాయి. ఎ.టి. అండ్ టి. కలగన్న గుంపు ఉపగ్రహాల ఆలోచన ముప్పై ఏళ్లు అటకెక్కింది.

అటక మీద నుంచి దించినవారికీ మొదట అచ్చిరాలేదు. మోటరోలా అండతో ఇరిడియం సంస్థ దాదాపు 500 కోట్ల డాలర్లు వెచ్చించి 66 ఉపగ్రహాలు తిప్పి 1998 నవంబరులో ఫోను సేవ ఆరంభించింది. చేతిఫోను ధర మూడు వేల డాలర్లు. ఈలోగా మామూలు సెల్‌ఫోన్లు ఊరూరా వ్యాపించాయి. తొమ్మిది నెలలు తిరిగేసరికి, 1999 ఆగస్టులో, ఇరిడియం దివాలా పిటిషను వేసింది. తరువాత ఆ ఆస్తినంతా కొనుక్కొన్నవారు చెల్లించినది రెండున్నర కోట్ల డాలర్లు! కొత్త యజమానుల చేతిలో అదే ఇరిడియం ఓడలకూ, సైన్యాలకూ, పర్వతారోహకులకూ సేవచేస్తూ నిలదొక్కుకొన్నదన్న సంగతి కూడా చెప్పుకోవాలి. 840 ఉపగ్రహాలతో ఆకాశంలో ఇంటర్నెట్ అంటూ బిల్ గేట్స్, క్రెయిగ్ మెక్‌కా పెట్టుబడితో బయలుదేరిన టెలిడెసిక్ సంఖ్యను 288కి తగ్గించుకొని, చివరకు 2002లో పని ఆపివేసింది.

ఆ తరువాతి వంతు వన్‌వెబ్‌ది. ఆ కథలో తెలుగు నేలకు పాత్ర ఉంది. లండను కేంద్రంగా 1,200 కిలోమీటర్ల ఎత్తున ఆరువందల పైచిలుకు ఉపగ్రహాలు తిప్పాలని బయలుదేరిన ఆ సంస్థ 74 ఉపగ్రహాలు పంపేసరికి డబ్బు అయిపోయి 2020 మార్చిలో దివాలా తీసింది. బ్రిటిష్ ప్రభుత్వమూ, సునీల్ మిత్తల్‌గారి భారతీ సంస్థా చెరి 50 కోట్ల డాలర్లు పెట్టి ఆ ఏడు నవంబరు నాటికి దానిని నిలబెట్టాయి. మళ్లీ రష్యా రాకెట్ల మీద ప్రయోగాలు సాగుతుండగా 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం వచ్చింది. మార్చిలో బైకనూరులో రాకెట్టు మీదికి ఎక్కించిన 36 ఉపగ్రహాలు ఎగరకుండా అక్కడే చిక్కుపడిపోయాయి. దిక్కుతోచని స్థితిలో వన్‌వెబ్ ఆశ్రయించిన వాటిలో ఒకటి శ్రీహరికోట.

2022 అక్టోబరు 23, అర్ధరాత్రి దాటి ఏడు నిమిషాలు. మరునాడు దీపావళి. పులికాట్ సరస్సు ఒడ్డునుంచి ఎల్.వి.ఎం.-3 రాకెట్టు 36 వన్‌వెబ్ ఉపగ్రహాలతో లేచింది. మొత్తం బరువు 5,796 కిలోలు. అప్పటికి భారత రాకెట్టు మోసిన వాటిలో అదే పెద్ద బరువు. 2023 మార్చి 26 ఉదయం తొమ్మిది గంటలకు మరో 36 వెళ్లాయి. దానితో కక్ష్యలోని వన్‌వెబ్ ఉపగ్రహాలు 618 అయ్యాయి, ప్రపంచమంతటా సేవ అందించడానికి సరిపోయే సంఖ్య పూర్తయింది. ఈ రెండు ప్రయోగాలకు ఇస్రో వాణిజ్య విభాగానికి ముట్టినది వెయ్యికోట్ల రూపాయల పైమాట. 2023 సెప్టెంబరులో వన్‌వెబ్ ఫ్రాన్సు దేశపు యూటెల్‌శాట్‌లో కలిసింది. శ్రీహరికోటకు ఈ బేరం అంతటితో ఆగలేదు. 2025 డిసెంబరు 24న టెక్సాస్‌కు చెందిన ఎ.ఎస్.టి. స్పేస్‌మొబైల్ వారి ఆరు టన్నుల బ్లూబర్డ్ ఉపగ్రహం అక్కడినుంచే ఎగిరింది. డిష్ అక్కరలేకుండా మామూలు సెల్‌ఫోనుతోనే మాట్లాడించడం దాని ఉద్దేశం.

అందరూ చేతులు కాల్చుకొన్న ఈ వ్యాపారంలో ఎలన్ మస్క్ గారి స్టార్‌లింక్ ఎలా నెగ్గుకొచ్చింది? ఒక ముఖ్య కారణం, బండీ సరుకూ ఒకరివే కావడం. స్పేస్ఎక్స్ 2015 డిసెంబరులో రాకెట్టు మొదటి అంచెను క్షేమంగా నేలకు దించింది. 2017లో వాడినదానిని మళ్లీ వాడి చూపింది. రవాణా ఖర్చు తగ్గాక 2019 మే నెలలో తొలి 60 ఉపగ్రహాలు పంపింది. 2022 డిసెంబరుకు పది లక్షల చందాదారులు, 2024 సెప్టెంబరుకు నలభై లక్షలు, 2025 నవంబరుకు ఎనభై లక్షలు. 2025 చివరకు కక్ష్యలోని ఉపగ్రహాలు తొమ్మిది వేలు దాటాయి. ఇంటిపై పెట్టే యాంటెన్నాను మొదట్లో 499 డాలర్లకు అమ్మినా, తయారీకి తొలినాళ్లలో మూడువేల డాలర్ల వరకు అయ్యేదని సంస్థ అధ్యక్షురాలు గ్విన్ షాట్‌వెల్ 2021లో చెప్పారు. అంటే ఒక్కొక్క ఖాతాదారు చేరినప్పుడల్లా నష్టమే. అంత నష్టాన్ని ఓర్చుకోగల పెట్టుబడి అందరికీ దొరకదు. పైగా ఆ ఉపగ్రహాల ఆయువు సుమారు ఐదేళ్లు; పాతవి వాతావరణంలో మండిపోతుంటే కొత్తవి పంపుతూనే ఉండాలి. కొబ్బరితోట కాదిది, ఏటేటా నారు పోయవలసిన వరిమడి.

ఈ పోటీలో పాతవారు దెబ్బతిన్నారు. 1996లోనే అమెరికా ఇళ్లకు ఉపగ్రహ ఇంటర్నెట్ అమ్మిన హ్యూస్ సంస్థకు 2020లో పదిహేను లక్షలకు పైగా చందాదారులు ఉండగా, 2024 చివరకు ఆ సంఖ్య పది లక్షల దిగువకు జారింది. 2023 జూలైలో తొమ్మిది టన్నుల జూపిటర్-3 ఉపగ్రహాన్ని పంపినా జారుడు ఆగలేదు. ఎత్తు తెచ్చే ఆలస్యాన్ని ఎంత పెద్ద ఉపగ్రహమూ తగ్గించలేదు గదా. ఇంతలో అమెజాన్ 3,236 ఉపగ్రహాల పథకంతో 2025 ఏప్రిల్‌లో తొలి విడత 27 పంపి రంగంలోకి దిగింది.

ఇక అసలు కీలకానికి వద్దాం. ఫైబర్ తీగ చాలకపోతే పక్కన మరొక తీగ వేసుకోవచ్చు. ఆకాశానికి ఆ సౌకర్యం లేదు. రేడియో పౌనఃపున్యాలు పరిమితం. ఉపగ్రహం నుంచి దిగే ఒక్కొక్క కిరణపుంజం నేలమీద కొన్ని కిలోమీటర్ల నుంచి కొన్ని పదుల కిలోమీటర్ల వెడల్పున పరుచుకొంటుంది. ఆ వలయంలో ఉన్న వారందరూ అందులో దిగే సమాచారాన్ని పంచుకోవలసిందే. జెర్సీ సిటీ మొత్తం ఇటువంటి ఒకటి రెండు వలయాలలో ఇమిడిపోతుంది. దాదాపు మూడు లక్షల మందిలో పదోవంతు కుటుంబాలు డిష్‌లు పెట్టినా ఎవరికీ చాలినంత దక్కదు. ఒకే చెరువు కింద ఆయకట్టు పెరిగితే చివరి పొలానికి నీరందనట్లే. అందుకే అమెరికాలో చందాదారులు క్రిక్కిరిసిన ప్రాంతాలలో కొత్తగా చేరేవారి నుంచి స్టార్‌లింక్ నూరు డాలర్లు మొదలుకొని అదనపు రుసుము వసూలు చేసింది. అంగడివాడే కొనవద్దని బేరం పెంచడం అరుదైన దృశ్యం!

ఈ వ్యాపారానికి జనం పలుచగా ఉండాలి, వారి చేతిలో డబ్బు మాత్రం దండిగా ఉండాలి. ఆ రెండూ కలిసి ఉండేది మోంటానా పశుక్షేత్రాలలో, ఆస్ట్రేలియా పల్లెల్లో, ఓడలలో, విమానాలలో. నెవార్క్ విమానాశ్రయాన్ని ముఖ్యకేంద్రాలలో ఒకటిగా చేసుకొన్న యునైటెడ్ సంస్థ తన విమానాలన్నిటిలో స్టార్‌లింక్ పెడతామని 2024 సెప్టెంబరులో ప్రకటించింది. గుంపు ఉపగ్రహాలు ఎక్కువకాలం తిరిగేది సముద్రాల మీదనే కనుక, అక్కడ కొనేవారు దొరకడం వాటి యజమానులకు వరం.

జెర్సీ సిటీలోనే ఈ విద్యపై కన్నువేసే మరొక వర్గం ఉంది. ఎక్స్ఛేంజ్ ప్లేస్ చుట్టూ ఉన్న ఆర్థిక సంస్థల మేడలలో మన ఇంజనీర్లు చాలామంది పనిచేస్తున్నారు. అక్కడివారి లెక్క సెకనులో అతి స్వల్ప భాగాలతో. కాంతి గాజు తీగలో సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతే శూన్యంలో 3 లక్షలు పోతుంది. జెర్సీ సిటీ నుంచి హైదరాబాదుకు సూటిగా దాదాపు 13,000 కిలోమీటర్లు. నేరుగా తీగ వేయగలిగినా ఒకవైపు ప్రయాణానికి వెయ్యింట 65 సెకన్లు కావాలి. ఉపగ్రహం నుంచి ఉపగ్రహానికి లేసరు కిరణంతో పంపితే, పైకి ఎక్కి దిగే దూరం కలుపుకొన్నా, వెయ్యింట 50కి మించనక్కరలేదు. సముద్రగర్భపు తీగలు యూరపు, ఎర్రసముద్రం చుట్టి పోతాయి కనుక నిజానికి వ్యత్యాసం ఇంకా ఎక్కువ. వాటాల బేరగాళ్లకు ఉపగ్రహం కొత్త కాదు. 1994లో బొంబాయిలో మొదలైన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి తెలుగు పట్టణాలతో సహా ఊరూరా ఉన్న దళారులను డిష్‌ల ద్వారానే కలిపింది. భారతదేశంలో చాలాకాలం ఈ సేవకు డబ్బు చెల్లించినవి బ్యాంకులూ, ఏ.టి.ఎం.లూ, ఇటువంటి సంస్థలే, ఇళ్లు కావు.

ఇళ్ల సంగతి చూద్దాం. 2022 ఏప్రిల్‌లో అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు దాని విస్తీర్ణం 12,000 చదరపు కిలోమీటర్ల పైచిలుకు, జనం తొమ్మిదిన్నర లక్షలు. చదరపు కిలోమీటరుకు 80 మందికన్న తక్కువ. జెర్సీ సిటీలో అదే కొలతకు సుమారు 7,600 మంది. కొండలూ, అడవులూ, దూరదూరంగా విసిరేసినట్లున్న గూడేలు. ఒక్కొక్క గూడేనికి తీగ లాగాలంటే ఖర్చు కొండంత. ఉపగ్రహం కోసమే సృష్టించినట్లున్న ప్రదేశం! కాని అక్కడి కుటుంబం నెలకు ఎంత ఇచ్చుకోగలదు? ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగి, 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతులమీదుగా ప్రారంభింపజేసిన ఫైబర్‌నెట్‌లో ప్రాథమిక చందా అప్పట్లో నెలకు 149 రూపాయలు. స్టార్‌లింక్‌కు అమెరికాలో 2025లో సాధారణ గృహచందా 120 డాలర్లు, అంటే పదివేల రూపాయలు. మధ్యనున్న అగాధాన్ని ఎవరు పూడుస్తారన్నదే ప్రశ్న. సాంకేతిక విద్యకు సంబంధించిన ప్రశ్నగా అది ఇప్పుడు మిగిలిలేదు.

వ్యాపారులు మాత్రం వరుస కట్టారు. వన్‌వెబ్‌కు 2021లో, స్టార్‌లింక్‌కు 2025 జూన్‌లో భారత టెలికాం శాఖ లైసెన్సులు లభించాయి. లక్సెంబర్గు సంస్థ ఎస్.ఇ.ఎస్.తో కలిసి జియో కూడా పొందింది. హైదరాబాదులో ఇస్రో మాజీ శాస్త్రవేత్త పావులూరి సుబ్బారావుగారు 1992లో స్థాపించిన అనంత్ టెక్నాలజీస్ ఇన్నేళ్లూ ఇస్రో ఉపగ్రహాలకూ రాకెట్లకూ విడిభాగాలు అందించింది. ఆ సంస్థకు 2025లో సొంతంగా భూస్థిర ఉపగ్రహం నిలిపి బ్రాడ్‌బ్యాండ్ అందించేందుకు అనుమతి వచ్చింది. నాలుగు టన్నుల ఉపగ్రహం, సెకనుకు వంద గిగాబిట్లు, 2028 లక్ష్యం. త్రిశంకు పద్ధతిలోని ఆలస్యం దానికీ తప్పదు. అయితే ఒకే ఉపగ్రహంతో దేశమంతా కప్పవచ్చు గనుక పెట్టుబడి అందుబాటులో ఉంటుంది. పాఠశాలకూ, ఆసుపత్రికీ అర సెకను ఆలస్యం అడ్డు కాదు. ఈ లెక్క తెలివైనదే అనిపిస్తుంది.

2025 మే 9న టెలికాం నియంత్రణ సంస్థ చేసిన సిఫారసు ఈ సందర్భంలో ఆసక్తికరమైనది. కంపెనీల రాబడిలో నాలుగు శాతం పౌనఃపున్యాల రుసుముగా తీసుకోవాలనీ, గుంపు ఉపగ్రహాల సేవ పొందే పట్టణ చందాదారు ఒక్కొక్కరికి ఏటా మరో 500 రూపాయలు వేయాలనీ, పల్లె చందాదారుకు ఆ అదనం వద్దనీ చెప్పింది. నీరు పల్లమెరుగు, డబ్బు పట్నమెరుగు. కంపెనీలను పల్లె వైపు నెట్టడానికి ఏటా 500 రూపాయలు చాలుతుందా అన్నది సందేహాస్పదమే.

ఇంటింటికీ డిష్ అన్న ఊహను పక్కనబెడితే మరొక దారి కనిపిస్తుంది. తెలుగు పల్లె దానిని యాభై ఏళ్ల క్రితమే చూసింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు నాసా ఇచ్చిన ఎ.టి.ఎస్.-6 ఉపగ్రహం ద్వారా ఇస్రో ఆరు రాష్ట్రాల్లోని 2,400 గ్రామాలకు టెలివిజన్ అందించింది. ఆంధ్రప్రదేశ్ వాటిలో ఒకటి. కోళ్లగూళ్లకు వాడే జాలీతో చేసిన పది అడుగుల డిష్, ఊరందరికీ కలిపి ఒకే టెలివిజన్ పెట్టె. తెలుగులో వ్యవసాయం, ఆరోగ్యం, బడిపిల్లల పాఠాలు. అదే పద్ధతిలో ఊరి బడిమీదో, గ్రామ సచివాలయం మీదో ఒక డిష్ పెట్టి వైఫై ద్వారా యాభై ఇళ్లకు పంచితే, పదివేల రూపాయల చందా సైతం ఇంటికి 200 అవుతుంది. వేగం తగ్గుతుంది, నిజమే. అయినా కొడుకు ముఖం ఫోనులో చూడడానికీ, పింఛను సంగతి కనుక్కోవడానికీ అది సరిపోతుంది. భారత్‌నెట్ పథకంలో తీగ చేరని కొన్ని వేల పంచాయతీలను ఉపగ్రహంతో కలిపింది దాదాపు ఈ ఆలోచనతోనే.

జెర్సీ సిటీవారికీ ఉపగ్రహం అవసరమయ్యే రోజు ఎప్పుడో ఒకటి రావచ్చు. 2012 అక్టోబరు 29 రాత్రి శాండీ తుపానులో హడ్సన్ నీరు వీధులలోకి పొంగింది. పాత్ రైలు సొరంగాలు మునిగాయి. తుపాను తాకిన ప్రాంతంలో సెల్ టవర్లు నాలుగింట ఒకటి మూగబోయిందని ఎఫ్.సి.సి. అప్పుడు ప్రకటించింది. దాదాపు రెండేళ్లకు, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నం వద్ద తీరం దాటింది. స్తంభాలు కూలాయి, తీగలు తెగాయి, టవర్లకు కరెంటు లేదు. మహానగరం రోజుల తరబడి బయటివారికి వినబడకుండా పోయింది. అమెరికాలో ఉన్న బిడ్డలు మోగని ఫోన్లకు మళ్లీ మళ్లీ డయల్ చేస్తూ, ఊరు దాటి రాగలిగిన బంధువులెవరైనా కబురు చెబుతారేమోనని ఎదురుచూశారు. స్తంభాల మీద వేసిన ఫైబర్ తీగ స్తంభంతోపాటే పడుతుంది. కలెక్టరు కార్యాలయంలో, ఆసుపత్రిలో, తుపాను రక్షణ భవనంలో ఒక్కొక్క డిష్ ఉంటే మొదటి గంటలోనే కబురు అందుతుంది. ఏడాదికి ఒకటి రెండు రోజులు మాత్రమే పనికివచ్చే వస్తువుకు వ్యాపారి చందా వసూలు చేయలేడు. ఆ ఖర్చు ప్రభుత్వమే భరించాలి. ఇంకొక సంగతి. ఆ డిష్‌కు 50 నుంచి 100 వాట్ల కరెంటు కావాలి. తుపాను రాత్రి ముందుగా పోయేది కరెంటే. అందుచేత డిష్ కొనేవారు దానితోపాటు మూడు రోజులకు సరిపడే బ్యాటరీ, రెండు సౌరఫలకాల ధర కూడా అంచనాలో వేసుకోవలసి ఉంటుంది.